కడపటివాడు మొదటివాడైన తెఱగు

లోకమున గొన్ని విజయములు జరిగిన తీరొకటి, జనులు చెప్పుకొను తీరు మఱియొకటి. విజయ మెంత యాశ్చర్యకరమైనచో దాని చుట్టును కథ యంత దట్టముగా నల్లుకొనును. కొంత కాలమునకు కథయే నిలుచును; జరిగినది మఱుగుపడును. చరిత్ర వ్రాయువాని పని యా కథను గొట్టివేయుట గాదు, దాని క్రిందనున్న నిజమును వెలికిదీసి చూపుట. అట్టి విజయ మొకదానిని గూర్చి మన వార్షిక మహాసభా సంచికను జదువు సోదర సోదరీమణులకును, సంఘపోషకులకును విన్నవింపదలచితిమి.

ఇది రాజులు చేసిన యుద్ధము గాదు. రెండు నిమిషములైనను పట్టని పరుగుపందెము. 1972 వ సంవత్సరము సెప్టెంబరు 2 వ తేదీన పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో 800 మీటర్ల పరుగు తుదిపోటీ యది. అందు అమెరికా దేశీయుడగు డేవిడ్ వాటిల్ అను యువకుడు మొదట నందఱికంటె వెనుకబడి, తుద నందఱికంటె ముందుగా గీటు దాటెను.

ఈ వృత్తాంతము మన యువకులలో బలువు రెఱుగుదురు. ఆ పందెపు చలనచిత్రము నేడు చేతిలోని ఫోనునందే చూడ వీలగుచున్నది. చూచినవారెల్లరు, ఇత డాఖరి క్షణమున నేదో మహిమ చూపి గెలిచెనని చెప్పుకొందురు. సంవత్సరమంతయు పుస్తకము తెఱవని విద్యార్థులు సైతము దీనినే దృష్టాంతముగా దెచ్చి, "మేమును చివరి చుట్టులో నందుకొందుము" అని తల్లిదండ్రుల నూఱడించుట మేము వినియున్నాము. పాఠములు చెప్పుటలోనే జీవితము గడపిన మా కీమాట యుపేక్షింపదగినదిగా దోపలేదు. దృష్టాంతము మంచిదే, దాని యర్థము మాత్రము తలక్రిందులైనది. కావున నా పరుగును ముక్కముక్కగా విడదీసి పరిశీలింతము.

పందెపు స్వరూపము

వేదాధ్యయనమున ద్రుతము, మధ్యమము, విలంబితము అని మూడు వృత్తులు గలవు. పరుగుపందెములయందును స్థూలముగ నిట్టి విభాగమే కలదు. 100 మీటర్లు, 200 మీటర్లు మున్నగు చిన్న పందెములలో నున్న బలమంతయు నొక్కుమ్మడిగా వెచ్చింపవలయును. 5000, 10000 మీటర్ల దీర్ఘమైన పందెములలో బలమును పొదుపుగా వాడుకొనవలయును. నడుమనున్న 800, 1500 మీటర్ల పందెములే మధ్యదూరపు పరుగులు. ఇవి చూచుటకు సులభములు, చేయుటకు మిక్కిలి కష్టములు. ఏలయన, నిందు వేగమును గావలయును, ఓర్పును గావలయును. రెంటిలో నేది మితిమీఱినను రెండవది చెడును.

దీనికి శరీరశాస్త్రజ్ఞులు చెప్పు కారణ మిది. మనము పీల్చు ప్రాణవాయువు చాలినంతవఱకు కండరములు శ్రమమును చక్కగా భరించును. అంతకు మించిన వేగమున బరుగెత్తినచో, నవి ప్రాణవాయువుతో బనిలేని వేఱొక మార్గమున శక్తిని పుట్టించుకొనును. ఆ మార్గము త్వరితమైనదే గాని, కొంతసేపటికి కండరములలో ఆమ్లత్వము పెరిగి కాళ్లు బరువెక్కును; అడుగు కుఱుచయగును. ఇది యప్పు చేసి సంసారము నడపుటవంటిది. అప్పు చేయకుండ 800 మీటర్లు గెలుచుట యెవ్వరికిని సాధ్యము గాదు. ఎంత చేయవలయును, ఎప్పుడు చేయవలయును అనునదియే ప్రశ్న. మొదటి చుట్టులోనే హెచ్చుగా జేసినవానికి రెండవ చుట్టులో వడ్డీ కట్టక తప్పదు.

పరుగుబాట చుట్టు 400 మీటర్లు గావున 800 మీటర్ల పందెము రెండు చుట్లు. మనము దానిని 200 మీటర్ల చొప్పున నాలుగు పాదములుగా భావించినచో, ఒక పద్యమును బరీక్షించినట్లే దీనిని బరీక్షింపవచ్చును.

వాటిల్ పూర్వవృత్తాంతము

డేవిడ్ వాటిల్ 1950 వ సంవత్సరము ఆగస్టు 7 వ తేదీన అమెరికాలోని ఓహైయో రాష్ట్రమున క్యాంటన్ అను నూర జన్మించెను. అదే రాష్ట్రములోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయమున జదువుచు పరుగున బేరు గాంచెను. 1972 లో అమెరికా కళాశాలల పోటీలలో 1500 మీటర్ల పందెము గెలిచెను. ఆ సంవత్సరమే యూజీన్ నగరమున ఒలింపిక్ జట్టును ఎంపికచేయుటకు జరిగిన పోటీలలో 800 మీటర్లను 1 నిమిషము 44.3 సెకండ్లలో ముగించి, అప్పటి ప్రపంచపు మేటి కాలమును సమానముగా నందుకొనెను. న్యూజీలాండు దేశీయుడగు పీటర్ స్నెల్ 1962 లో నెలకొల్పిన కాలమది. కావున వాటిల్ మ్యూనిక్ నగరమునకు బోవునప్పటికి అనామకుడు గాడు. కథలో నితనిని దారినబోవువానివలె వర్ణించుట పొరపాటు.

అయితే నడుమ రెండు సంగతులు జరిగినవి. ఎంపిక పోటీలు ముగిసిన కొలదికాలమునకే యితడు వివాహము చేసికొనెను. క్రీడలకు ముందు వివాహము తగదని అమెరికా జట్టు ముఖ్యశిక్షకుడు బిల్ బోవర్మన్ అభిప్రాయపడెను. యువకుడు తన నిశ్చయమును మానలేదు. పిమ్మట మోకాళ్లకు బాధ కలిగి, యభ్యాసమునకు గొన్నివారములు లోపము వచ్చెను. ఈ రెంటిని జూచినవారు ఇతనివలన నాశ వదలుకొనుటలో వింత లేదు. వీనికి దోడు, ఇతడు తలపై నొక తెల్లని గోల్ఫ్ టోపీ ధరించి పరుగెత్తెడివాడు. పొడవైన జుట్టు కన్నులలో బడకుండుటకై మొదట ధరించిన యా టోపీ, విజయములు వరుసగా వచ్చుటచే, శుభసూచక మను నమ్మకముగా మాఱెను.

ఎదిరిపక్షమున మేటి సోవియట్ రష్యా పక్షమున బరుగెత్తిన యెవ్గెనీ అర్జానోవ్. ఇతడు యుక్రెయిన్ ప్రాంతపువాడు. 1971 లో యూరపు ఖండపు విజేత. నాలుగేండ్లుగా 800 మీటర్ల తుదిపోటీలలో నోటమి యెఱుగని ధీరుడు. కెన్యా దేశమునుండి మైక్ బోయిట్, రాబర్ట్ ఓకో అను నిద్దఱు వచ్చియుండిరి. తుదిపోటీలో మొత్తము ఎనమండుగురు.

పందెము జరిగిన విధము

పందెము మొదలయిన కొలది క్షణములకే యేడుగు రొక గుంపుగా ముందుకు సాగిరి. వాటిల్ ఒక్కడు వారికి వెనుక వేఱుపడిపోయెను. వానికిని గుంపునకును నడుమ గల యెడమును జూచినవా రితనికి మోకాలు మరల నొచ్చినదేమో యని యనుకొనుట సహజము. కెన్యా వారిద్దఱు గుంపును నడపిరి. మొదటి చుట్టు ముగియుసరికి వాటిల్ గుంపు చివరను జేరెనే గాని, స్థానము మాత్ర మప్పటికిని కడపటిదే. రెండవ చుట్టులో అర్జానోవ్ హఠాత్తుగా వేగము పెంచి, కెన్యా వారిని దాటి, ముందు నిలిచెను. చూచువారి కంతటితో పందెము తేలిపోయిన ట్లుండెను.

600 మీటర్లు గడచిన పిమ్మట వాటిల్ ఒక్కొక్కనిని దాటుట కారంభించెను. కడపటి తిన్నని బాటలోనికి వచ్చునప్పటికి ముందున్నవారు అర్జానోవ్, కెన్యా వీరులు. వాటిల్ బయటి వైపునుండి వచ్చి, మొదట ఓకోను, పిదప బోయిట్‌ను దాటి, గీటు సమీపించుచుండగా అర్జానోవ్ ప్రక్కకు వచ్చెను. చివరి పదునెనిమిది మీటర్లలోనే మొదటి స్థాన మితనికి దక్కెను. అర్జానోవ్ తుదియడుగున గీటు మీదికి దూకి, తూలి, నేలపై బడెను.

విజేత కాలము 1 నిమిషము 45.86 సెకండ్లు, అర్జానోవ్ కాలము 1 నిమిషము 45.89 సెకండ్లు, మూడవవాడగు బోయిట్ కాలము 1 నిమిషము 46.01 సెకండ్లు. మొదటి యిద్దఱికిని భేదము సెకండులో నూఱింట మూడు వంతులు మాత్రమే. ఆ వేగమున నది యెంత దూరమని లెక్కించి చూచితిమి. సుమారు జానెడు వచ్చినది. ఎనిమిదివందల మీటర్ల పరుగున జానెడు దూరము జయాపజయములను నిర్ణయించెను!

లెక్క చెప్పు మాట

ఇప్పుడు కథను విడిచి లెక్కకు వత్తము. వాటిల్ ఒక్కొక్క 200 మీటర్లకు దీసికొన్న కాలము లివి: మొదటి పాదము 26.4 సెకండ్లు, రెండవది 26.9, మూడవది 26.4, నాలుగవది 26.2. పాఠకులు ఈ నాలుగంకెలను మరల నొకమాఱు జదువవలయునని కోరుచున్నాము. హెచ్చు తగ్గులు సెకండులో నేడుపదుల వంతు మించలేదు. కడపటి పాదము మొదటి పాదముకంటె రెండుపదుల వంతు మాత్రమే త్వరితము. జనులు చెప్పుకొను మెఱుపువేగ మెక్కడ? ఆఖరి క్షణపు మహిమ యెక్కడ?

ఇంకను ముఖ్యమైన సంగతి యొకటి కలదు. మొదటి పాదమును 26.4 సెకండ్లలో ముగించినవాడు అదే నడకతో నాలుగు పాదములును నడచినచో మొత్తము 1 నిమిషము 45.6 సెకండ్లగును. ఇది విజేత కాలముకంటె తక్కువ! అనగా, చూచువారందఱు ఇతడు పోయెనని నిట్టూర్చిన యా క్షణముననే, యితడు పందెము గెలువదగిన వేగమున బరుగెత్తుచుండెను. ఇతడు మందగించి వెనుకబడలేదు. తక్కినవారు తాము తుదివఱకు నిలుపుకొనలేని వేగమున ముందుకు బోయిరి. ఇతడు తాను నిలుపుకొనగల వేగమున వచ్చెను. తుద నితడు వారిని దాటినట్లు కనబడుటకు గారణము, ఇతని వేగము పెరుగుట కొంచెము, వారి వేగము తఱుగుట యెక్కువ. ప్రవాహమున బడిన కట్టె యొడ్డున నున్న చెట్లను వెనుకకు బరుగెత్తించునట్లు, ఇందును మన కన్నులు మనలను మోసపుచ్చుచున్నవి.

కాబట్టి వెనుకబడుట వేఱు, వేగము తగ్గుట వేఱు. స్థానము కంటికి గనబడును. నడక లెక్కకు మాత్రమే కనబడును. ఈ పందెమునుండి గ్రహింపవలసిన దిదియే యని మా మతము.

కొందఱు దీనిని తాబేలు కుందేలు కథతో బోల్తురు. ఆ పోలిక పొసగదు. కథలోని కుందేలు నిద్రించెను. అర్జానోవ్ నిద్రింపలేదు, ప్రాణమొడ్డి పరుగెత్తి, నేలబడి, జానెడులో నోడెను. అతని యోటమిని సోమరితనమని చెప్పుట యన్యాయము. అతడు చేసినది రెండవ చుట్టు నడుమ నొక్క పెట్టున బలమును వెచ్చించుట. ఆ యుపాయ మతనికి నాలుగేండ్లు విజయమునే యిచ్చెను. నాడు మాత్రము దాని మూల్యము గీటునకు జానెడు ముందు చెల్లింపవలసి వచ్చెను.

విజయానంతరము

పతకము స్వీకరించునప్పుడు జాతీయగీతము వినబడుచుండగా వాటిల్ తన టోపీని దీయుట మఱచెను. దానికి నాలుగేండ్లకు ముందు, 1968 లో మెక్సికో క్రీడలందు టామీ స్మిత్, జాన్ కార్లోస్ అను నీగ్రోజాతి వీరులు నల్లజాతివారికి జరుగు నన్యాయమునకు నిరసనగా పీఠముపై పిడికిళ్లెత్తియుండిరి. అందుచే వాటిల్ టోపీయు నేదో నిరసనయని కొందఱు శంకించిరి. ఇతనికి గీతముపై గాని, దేశముపై గాని యనాదర మేమియు లేదు. ఆశ్చర్యమున మైమఱచి యుండెను. ఆ సంగతి తెలిసినంతనే క్షమాపణము చెప్పుకొనెను.

ఆ పందెమునకు మూడుదినముల పిమ్మట, సెప్టెంబరు 5 న, ఆ క్రీడాగ్రామముననే ఇస్రాయేలు జట్టుపై ఘాతుకులు పడి, తుదకు పదునొకండుగురిని బొట్టనబెట్టుకొనిరి. మ్యూనిక్ పేరు చెప్పిన నేటికిని జనులకు మొదట స్ఫురించునది యా దుఃఖమే.

అటుపిమ్మట వాటిల్ 1500 మీటర్ల పోటీలో బాల్గొనెను. ఆ దూరముననే యితనికి మొదటినుండియు బ్రీతి. కాని యుపాంత్యపు పోటీలోనే యితడు నిలిచిపోయెను, తుదిపోటీకి జేరలేదు. కారణ మేమి? వెనుకనే యుండి, వేగము హెచ్చింపవలసిన సమయము మించినదాక వేచెను. ముందున్నవారు నాడు తగినంత యలసియుండలేదు. పది దినములలోపల ఒకే మనుజునకు ఒకే తీరు ఒకచోట స్వర్ణమును, వేఱొకచోట నిరాశను దెచ్చెను. "చివర నందుకొందుము" అను విద్యార్థులకు ఈ రెండవ యధ్యాయము నెవ్వరును జెప్పరు. మేము చెప్పుచున్నాము. వేచియుండుట గుణము గాదు. నడకను జెడనీయకుండుటయే గుణము.

తరువాతి కాలమున వాటిల్ కొన్నాళ్లు కళాశాలలలో శిక్షకుడుగా బనిచేసి, 1983 మొదలుగా 2012 వఱకు మెంఫిస్ నగరములోని రోడ్స్ కళాశాలలో విద్యార్థుల ప్రవేశములను జూచు పెద్దయుద్యోగమున నుండెను. కడపటినుండి వచ్చి గెలిచినవాడు ఇరువదితొమ్మిదేండ్లు, ఎవరిని లోనికి దీసికొనవలయు నను విచారణలో గడపుట మాకు మిక్కిలి యుచితముగా దోచుచున్నది.

మన దేశపు వీరుడు

న్యాయము చెప్పవలసినచో రెండవ పక్షమును గూడ వినవలయును. ముందుండి పరుగెత్తుటయు నొక ధర్మమే. అందుకు మన దేశపువాడే సాక్షి. రాజస్థానమున బుట్టి, సైన్యమున జేరి, ఇలియాస్ బాబర్ అను గురువు శిక్షణలో పెరిగిన శ్రీరామ్ సింగ్, 1976 లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలందు 800 మీటర్ల తుదిపోటీలో బరుగెత్తెను. మొదటి చుట్టును 50.85 సెకండ్లలో ముగించి, ప్రపంచపు మేటివీరుల నందఱిని వెనుక బెట్టుకొని గంట మ్రోగువేళ ముందుండెను. రెండవ చుట్టు అతనికి సుమారు 54.9 సెకండ్లు పట్టినది. ఏడవవాడుగా గీటు దాటెను. క్యూబా దేశీయుడగు ఆల్బెర్టో హువాంటొరేనా 1 నిమిషము 43.50 సెకండ్లలో నాడు ప్రపంచమునకు గ్రొత్త మేటికాలము నెలకొల్పెను; ఆ వేగమునకు బాట వేసినవాడు మన శ్రీరామ్ సింగ్.

అతని కాలము 1 నిమిషము 45.77 సెకండ్లు. పాఠకులు గమనించితిరా? నాలుగేండ్లకు ముందు వాటిల్ స్వర్ణమును గెలిచిన కాలముకంటె నిది తక్కువ! కాలము మేలైనను స్థానము ఏడవది. ఆ కాలమును మన దేశమున 2018 వఱకు, అనగా నలువదిరెండేండ్లు, ఎవ్వరును మించలేదు. ఆ సంవత్సరమున కేరళ దేశపు జిన్సన్ జాన్సన్ 1 నిమిషము 45.65 సెకండ్లలో బరుగెత్తి మించెను. పతకములేని పరుగైనను శ్రీరామ్ సింగ్ పరుగును మనము మఱువరాదు.

ఇంకొక సంగతి. 2012 లో లండన్ నగరమున కెన్యా దేశీయుడగు డేవిడ్ రుడిషా మొదటినుండి తుదివఱకు ముందే యుండి, 1 నిమిషము 40.91 సెకండ్లలో ముగించెను. అతని మొదటి చుట్టు 49.28 సెకండ్లు. అంతటి శక్తి గలవానికి వెనుక నుండవలసిన పని లేదు. కావున ముందుండుట మేలా, వెనుకనుండుట మేలా యని వాదించుట వృథా. తన శక్తి యెంతయో యెఱిగి, దానిని నాలుగు పాదములకును తగినట్లు పంచుకొన్నవాడే ధావకుడు. వాటిల్ మోకాళ్ల బాధచే నభ్యాసము తఱిగి వచ్చినవాడు. ఇతరుల వేగమును జూచి తన లెక్కను చెఱుపుకొనలేదు. ఎనమండుగురిలో నెనిమిదవవాడుగా, లక్షలమంది చూచుచుండగా, తన నడకను దాను నమ్ముట సామాన్యమైన ధైర్యము గాదు. ఆ మొదటి పాదమున జూపిన ధైర్యమే కడపటి పాదమున స్వర్ణమైనది.

విన్నపము

ఈ చిన్న చరిత్రమునుండి మూడు మాటలు మూడు తెగలవారికి మనవిచేసి ముగింతుము.

విద్యార్థులారా, వాటిల్ పేరు చెప్పి సంవత్సరమంతయు నిద్రింపకుడు. అతడు మొదటి పాదముననే 26.4 సెకండ్లలో బరుగెత్తెను. మీ మొదటి పాద మెంతయో లెక్కించి చూచుకొని, పిమ్మట నతని పేరు దలపుడు.

తల్లిదండ్రులారా, పొరుగువారి బిడ్డ ముందున్నాడని మీ బిడ్డను వాని శక్తికి మించి తఱుమకుడు. మొదటి చుట్టులో వచ్చిన యాధిక్యము రెండవ చుట్టున నిలుచునో నిలువదో యెవరు చెప్పగలరు? బిడ్డ నిలుకడగా నడచుచున్నాడా యనునది చూడుడు.

సంఘపోషకులారా, మీరిచ్చు విద్యార్థి వేతనములచే నెందఱో బీదబిడ్డలు పైకి వచ్చుచున్నారు. పరీక్షలో మొదటివానికి బహుమతి నిచ్చుట యుచితమే. కాని సరియైన పాఠశాల లేని పల్లెలో జదివి, ముప్పదవ స్థానమున నున్నను, ఏటేట నించుక ముందునకు వచ్చుచున్న పిల్లయో పిల్లవాడో యుండవచ్చును. వారి స్థానమును మాత్రమే చూచి పట్టికనుండి పేరు కొట్టివేయకుడు; నాలుగేండ్ల నడకను జూడుడు. మ్యూనిక్ నగరమున మొదటి చుట్టు ముగియగానే కడపటివానిని బాటనుండి తొలగించియుండినచో, ఆ దినపు విజేత యెవ్వరో లోకమునకు దెలిసియుండెడిది గాదు.

శుభమస్తు.